మా లాంచీని అమ్మిన సంగతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీకు బాగా తెలిసిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. మనలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, సముద్రాలు దాటి వచ్చినవాళ్లున్నారు. నాకు బాగా తెలిసింది ఒక్క పాత లాంచీ. నలభై ఏడేళ్లు మా ఇంట్లో మనిషిలా ఉన్న ఆ లాంచీని 2022లో అమ్మేశాను. ఆ అమ్మకం సంగతే చెబుతాను.

1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు కం రైలు వంతెన తెరిచారు. అంతవరకు గోదావరి దాటడానికి లాంచీ కోసం రేవులో నిలబడ్డవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. వంతెన మీద బస్సులు తిరగ్గానే లాంచీలకు పని తగ్గింది. మరుసటి ఏడు మా నాన్నగారు అలా పని తగ్గిన లాంచీ ఒకటి కొని కపిలేశ్వరపురం రేవుకు తెచ్చారు. మాది మండపేటలో కొబ్బరికాయలు, అరటిగెలల వ్యాపారం. సరుకు లంకల నుంచి రావాలి. లాంచీ పొడవు 38 అడుగులు, వెడల్పు 9 అడుగులు. టేకు పలకలు, డీజిలు ఇంజను, ముందు భాగాన ఒక ఇత్తడి గంట.

అమ్మినాయన లాంచీతోపాటు ఒక నోటు పుస్తకం ఇచ్చారు. ఏ ఏడాది ఏ పలక మార్చారో, ఇంజను ఎప్పుడు విప్పారో అన్నీ అందులో ఉన్నాయి. "ఎడమవైపు వెనక మూల చెమ్మ పడుతుందండీ, కనిపెట్టుకుని ఉండాలి" అని ఆయనే చూపించారు. నాన్నగారు ఆ మాటకే ముచ్చటపడి బేరం తెగ్గొట్టేశారు. ఆ పుస్తకం అయిపోతే ఇంకొకటి మొదలుపెట్టారు. నేను అమ్మే నాటికి మూడో పుస్తకం నడుస్తోంది.

లాంచీ పక్కన నీటిమట్టానికి పైన చుట్టూ ఒక తెల్ల గీత ఉండేది. మనుషులు, సరుకు ఎక్కాక నీళ్లు ఆ గీతను తాకితే ఇక ఒక్కరిని కూడా ఎక్కించకూడదు. మనుషులైతే ముప్పై మంది. ఇది మా నాన్నగారు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు మోయలేని బరువుతో ఓడలను సముద్రం మీదికి పంపుతున్నారని పోరాడితే, 1876లో ఓడ పక్కన అలాంటి గీత ఉండాలని చట్టం చేశారు.

ఆ గీత విలువ నాకు 1986 ఆగస్టులో తెలిసింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన ఏడాది. నీరు కాస్త నెమ్మదించాక లంకల్లో చిక్కుకున్నవాళ్లను తేవడానికి వెళ్లాం. ముప్పై మంది ఎక్కగానే నాన్నగారు పలక లాగేయమన్నారు. గట్టు మీద మిగిలినవాళ్లు తిట్టారు, ఏడ్చారు. ఒకావిడ పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టేసింది. "ఇంకో నలుగురిని ఎక్కిద్దాం నాన్నా" అన్నాను. "ఒరేయ్, గీత మునిగితే ఎక్కినవాళ్లూ ఉండరు, మళ్లీ వచ్చి తీసుకెళ్లడానికి మనమూ ఉండం" అన్నారు. పిల్లాణ్ణి మాతోనే ఉంచుకుని, తల్లిని రెండో విడతలో తెచ్చాం. ఆ రోజు చీకటి పడేవరకు తిరిగాం.

2016లో నాన్నగారు పోయారు. అప్పటికే లంకల సరుకు పంటు మీద, ట్రాక్టర్ల మీద వస్తోంది. కార్తీక మాసంలో వనభోజనాలకు తప్ప లాంచీ కదలడం లేదు. చెక్క పడవ ఖాళీగా ఉంటే ఇంకా తొందరగా పాడవుతుంది. గాలాడని మూలల్లో వాననీరు నిలిచి పలక పుచ్చిపోతుంది. 2018 వేసవిలో అమ్మడానికి పెట్టాను.

పాత వాహనం అమ్మాలనుకునే తమ్ముళ్ల కోసం, నేను పాటించినవి రెండు మూడు చెబుతాను. ముందు రంగు వేయలేదు. అమ్మబోయే ముందు కొత్త రంగు వేస్తే, చూసేవాడికి రంగు కింద ఏం దాచాడోనన్న అనుమానమే వస్తుంది. అడుగున చేరే నీళ్లు ముందుగా తోడేయలేదు, రోజుకు ఎంత చేరుతుందో వాళ్లే చూసుకోవాలి. కొనేవాళ్లు వచ్చే ముందు ఇంజను వేడి చేసి ఉంచలేదు. చల్లటి ఇంజను ఎన్ని తిప్పులకు అందుకుంటుందో, ఏ పొగ వదులుతుందో వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. నీలం పొగ అదే పనిగా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం, నల్ల పొగ వస్తే ఇంజనుకు భారమైనా ఎక్కువై ఉండాలి, డీజిలు సరిగ్గా కాలకపోయి అయినా ఉండాలి. ఒడ్డుకు లాగి ఒకసారి, నీళ్లలో ఒకసారి చూపించాను. ఎండలో ఉన్న చెక్క పడవకు పలకల సందులు విచ్చుకుంటాయి. నీళ్లలో దింపిన మొదట్లో కారుతుంది. పలకలు నీరు తాగి ఉబ్బితే సందులు మూసుకుంటాయి. ఆ తర్వాత కూడా కారితేనే లోపం. వెనక మూల చెమ్మను కూడా, మాకు చూపించినట్టే, వేలు పెట్టి చూపించాను.

మొదట వచ్చినాయన ఏడు లక్షలు ఇస్తానన్నారు. నేను అనుకున్నదానికన్నా లక్షన్నర ఎక్కువ. పాపికొండల యాత్రికులను తిప్పడానికట. "పైన ఇనుప డెక్కు వేసి ఎనభై కుర్చీలు వేస్తానండి" అన్నారు. ముప్పై మందికే అన్నాను. ఆయన నవ్వి, "అమ్మేశాక మీకెందుకండీ? కారు అమ్మినోడు, కొన్నోడు ఎంతమందిని ఎక్కిస్తాడో అడుగుతాడా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో అమ్మాయి పెళ్లి అప్పు ఉంది. రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రాత్రి నాకు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. మా బ్యాచ్ వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. గరిమనాభి పాఠానికి మమ్మల్ని కాలువగట్టుకు తీసుకెళ్లారు. ఖాళీ డాల్డా డబ్బాలో అడుగున నాలుగు రాళ్లు వేసి నీళ్లలో వదిలితే నిటారుగా తేలింది. ఆ నాలుగు రాళ్లూ తీసి మూత మీద పెట్టించారు. వదిలీ వదలగానే బోర్లా పడింది. "డబ్బా అదే, రాళ్లు అవే, కాలువ అదే. బరువు ఎక్కడుందన్నదే తేడా" అన్నారు. పైడెక్కు మీద నలభై మంది కూర్చుని, ఒడ్డున ఏదో కనిపించిందని అందరూ ఒక పక్కకు వస్తే మా లాంచీ ఏమవుతుందో డాల్డా డబ్బా నాకు ఎప్పుడో చెప్పేసింది.

పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్లాను. అమ్మొద్దంటారనుకున్నాను. ఆయన అలా అనలేదు. "అతను ఏం చేసుకుంటాడో నీ చేతిలో లేదు. నీకు తెలిసింది అతనికి చెప్పడం మాత్రం నీ చేతిలో ఉంది. నోటితో కాదు, కాగితం మీద" అన్నారు.

అమ్మకం కాగితంలో ఒక వాక్యం చేర్పించాను: ఈ లాంచీ ముప్పై మందికి మాత్రమే, దీనిపై రెండో అంతస్తు వేస్తే ప్రమాదమని కొన్నవారికి తెలియజేశాను. ఆ వాక్యం ఉంటే సంతకం పెట్టనన్నారు ఆయన. లేకపోతే నేను పెట్టనన్నాను. బేరం చెడింది. వారం రోజులు మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడది తప్పని నేను ఈనాటికీ అనను. వడ్డీ లెక్క ఆవిడకు తెలుసు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును పైకి తీసింది. ఆ బోటుకూ మా లాంచీకీ, నా దగ్గరికి వచ్చినాయనకూ ఏ సంబంధమూ లేదు. ఆ ప్రమాదాన్ని చూపించి నేను చేసింది గొప్ప పని అని చెప్పుకోను. ఆ రోజు టీవీ ముందు కూర్చుని మా ఆవిడ నా చేయి పట్టుకుంది. అంతే.

ఆ తర్వాత బోట్లు ఆగిపోయాయి, నిబంధనలు బిగిశాయి. వెనకే కరోనా వచ్చింది. 2021లో పోలవరం దగ్గర నదిని మళ్లించాక కింది నుంచి పాపికొండలకు లాంచీలో పోయే దారి కూడా మూసుకుపోయింది. పాత లాంచీ అడిగే దిక్కు లేదు. అయినా ఏటా వేసవిలో ఒడ్డుకు లాగించి, సందుల్లో నూలు కూర్చి, గుగ్గిలం పట్టించి, పుస్తకంలో రాస్తూనే ఉన్నాను.

చివరికి 2022లో రాజోలు వైపు నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చారు. లంకలో తోట ఉంది, పదిహేను మంది కూలీలు, కాయలు తేవాలి. ఆయన సరంగు ముసలాయన. పలకలన్నీ కత్తి మొనతో పొడిచి చూశాడు. వెనక మూల దగ్గర ఆగి, "ఇక్కడ చెమ్మ ఉందండి" అన్నాడు. నేను పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాను. సరంగు తన యజమాని వైపు తిరిగి, "ఆయ్, తీసుకోవచ్చండి" అన్నాడు. రెండు లక్షల డెబ్భై అయిదు వేలకు ఇచ్చాను. ఆ వాక్యం అలాగే ఉంది. రైతు చదివి, "ఇది మంచిదేనండి, రేపు మా అబ్బాయి కూడా చదువుకోవాలి" అని సంతకం పెట్టారు. మూడు పుస్తకాలూ ఆయనకే ఇచ్చేశాను.

ఏడు లక్షలకూ రెండు డెబ్భై అయిదుకూ తేడా నాలుగు లక్షల పాతిక వేలు. లెక్కల్లో నేను ఎప్పుడూ వెనకబెంచీయే గానీ ఈ తీసివేత మాత్రం ఎన్నిసార్లు చేశానో. బాధ లేదని చెబితే అబద్ధం. ఆ అప్పు తీరడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. కానీ గోదావరి మీద ఎక్కడైనా పడవ తిరగబడిందని వార్త వస్తే, "అది మనది కాదు కదా" అని వణుకుతూ పేపరు విప్పాల్సిన అవసరం నాకు లేదు. దాని ధర ఎంతో ఎవరి లెక్కకు వారే వేసుకోవాలి.

మాస్టారు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. మాస్టారూ, పరీక్షలో గరిమనాభి నిర్వచనం తప్పు రాశాను, మీరు సున్నా వేశారు. డబ్బా మాత్రం మర్చిపోలేదండి.

చివరగా ఒక్కమాట. అమ్మకంలో ఏది చేరుతుందో, ఏది చేరదో ముందే చెప్పాలి. గంట ఇవ్వనని ఆ రైతుకు మొదటి రోజే చెప్పాను. దాన్ని తోమించి మన బడికి ఇచ్చాను. ఇందాక సభ మొదలుపెడుతూ మోగించింది అదే.

సెలవు.