నీలిరంగు ఆలస్యం

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి, మూడవమారు మన మదరాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కినారు. ఫిస్కేతో కలసి 1925లో ఆయన ఒక పద్ధతిని ప్రకటించినారు: ఫాస్ఫేటు ద్రావణానికి మాలిబ్డేటు చేర్చి క్షయకరణం చేయగా నీలిరంగు వచ్చును, రంగు చిక్కదనమే ఫాస్ఫరసు కొలత.

కండరపు సారంలో మాత్రం ఆ రంగు మెల్లగా వచ్చింది. మరొకరైతే పరీక్ష చెడినదని పారబోసెడివారేమో! వారు ఆ ఆలస్యానికే కారణం వెదకినారు. ఇట్టే విడిపోయి ఫాస్ఫేటునిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది.

1925 నాటి వ్యాసం వెలువడిన ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ నేడు అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుల సంఘానిది. 2021 నుండి ఆ పత్రిక పూర్తిగా ఉచిత పఠనానికి తెరువబడింది. ప్రచురణ వ్యయం రచయితలపై పడినది, అది వేరు చిక్కు. ఇక మన పిల్లలకు అడ్డు వెల కాదు, భాష. ఆ వ్యాసాన్ని పదవ తరగతికి తెలుగులో చెప్పే పని ఈ సెలవులలో నేను మొదలుపెట్టుచున్నాను.