మధ్యాహ్నపు సీరియలు – జమాఖర్చు

(రామగిరిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎంచుకున్న విషయం మధ్యాహ్నపు టీవీ సీరియళ్లు. నవ్వకండి. ముప్పై ఏళ్లకు పైగా రిజిష్టర్లు రాసిన గుమాస్తాను కనుక దీన్నీ జమాఖర్చుగానే చూస్తాను.

1994లో దూరదర్శన్‌లో మధ్యాహ్నం పూట 'శాంతి' అనే హిందీ డైలీ సీరియలు మొదలైంది. తర్వాత తెలుగులో మంజులా నాయుడు గారి 'ఋతురాగాలు' వచ్చింది. హిందీ రాకపోయినా మా ఇంటావిడ 'శాంతి' వేళకు అంట్లు తోమేసి టీవీ ముందు కూర్చునేది. "నీకు పనీపాటా లేదా?" అని వేళాకోళం చేసేవాణ్ణి.

నిజానికి ఆమెకు అది ఎవరూ ఊరకే చూపలేదు. నిర్మాత దూరదర్శన్‌కు రుసుము కట్టి, బదులుగా దక్కిన ప్రకటనల సమయాన్ని కంపెనీలకు అమ్ముకునేవాడు. సబ్బు, టీపొడి కొనేది ఇల్లాలు గనుక కంపెనీలు డబ్బు పెట్టేవి.

ఈ పద్ధతి అమెరికాలో రేడియో కాలంలోనే ఉంది. సబ్బుల కంపెనీలు ఖర్చు భరించినందున వాటికి 'సోప్ ఒపేరా' అని పేరు. 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి మారిన 'గైడింగ్ లైట్' 2009లో ఆగిపోయింది. 41 ఏళ్లు నడిచిన 'ఆల్ మై చిల్డ్రన్' 2011లో ముగిసి, ఆ వేళకు వంటల కార్యక్రమం వచ్చింది. ఆడవారు ఉద్యోగాలకు వెళ్లారు, చానళ్లు పెరిగాయి, ప్రకటనల రాబడి తగ్గింది. సీరియలు కంటే కబుర్ల కార్యక్రమం చవక. పైగా అక్కడి ప్రకటనదారులు ముఖ్యంగా లెక్కలోకి తీసుకున్నది 18 నుండి 49 ఏళ్ల ఆడవారిని. అంటే, మిత్రులారా, మనం ఎంతసేపు చూసినా ఆ లెక్కలోకి రాము!

మనవైపు సీరియళ్లు పూర్తిగా పోలేదు. కానీ కొత్తగా తీయడం కంటే పరభాషా సీరియలు డబ్బింగ్ చేయడం చవక. అందుకే మన టీవీ కళాకారులు ఆందోళనలు చేశారు. ఇప్పుడు ప్రకటనలు సెల్‌ఫోనుకూ పోతున్నాయి.

రిటైరయ్యాక ఆవిడ పక్కన కూర్చోవడం నాకూ అలవాటైంది. ఆమె మంచం పట్టిన రోజుల్లో ఒక సీరియలు సగంలో ఆగిపోయింది. "ఆ పిల్ల పుట్టింటికి చేరిందో లేదో" అని రోజూ అడిగేది. ఉండబట్టలేక నేనే కథ కల్పించి చెప్పసాగాను. కల్పితమని ఆమెకూ తెలుసు. అయినా రెండు గంటలైతే, "మీ సీరియలు ఇంకా మొదలుపెట్టలేదే?" అనేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ పిల్లను నేనింకా పుట్టింటికి చేర్చలేదు.

రాబడి లేని సీరియలును కంపెనీ ఆపేస్తుంది. అది దాని లెక్క. మీ ఇంట్లో మధ్యాహ్నం ఒంటరిగా టీవీ ముందు కూర్చునే మనిషి ఉంటే, ఒక అరగంట పక్కన కూర్చోండి. అది మన లెక్క.