పదునుపెట్టు విద్య

తెలుగువారు 'పదును' అను మాటను మూడు చోట్ల వాడుదురు. వాన కురిసి నేల విత్తనమునకు తగిన తడితో నున్నపుడు, నేల పదునులో నున్నదందురు. కమ్మరి ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి నీట ముంచినపుడు, ఇనుమునకు పదును పట్టినదందురు. కత్తి అంచు చురుకుగా నున్నపుడు, కత్తి పదునుగా నున్నదందురు. ఈ మూటికిని ఒకే మాట యుండుట ఊరక కలిగినది కాదని నాకు తోచును. మూడు చోట్లను కావలసినది బలము కాదు, తగిన పాలు. తడి మించినను విత్తు చెడును, తగ్గినను చెడును. ఉక్కు మిక్కిలి గట్టిపడినచో పెళుసై విరుగును, మెత్తబడినచో వంగును. అంచు మిక్కిలి పలుచనైనచో చిట్లును, మందమైనచో తెగదు.

ఈ మూటిలో కడపటి పదునును గూర్చి నేడు ముచ్చటింతము. ఇది చిన్న విషయమని కొందరనుకొనవచ్చును. కాని పాలమూరు, నల్లగొండ మెట్టప్రాంతములలో ఎందరి బ్రతుకు తెరువో ఒక అంచు మీద ఆధారపడి యున్నది. జొన్న కోయువారి కొడవలి, చెప్పులు కుట్టువారి కత్తి, క్షౌరవృత్తి వారి మంగలికత్తి, వంటయింటి కత్తిపీట, ఇవన్నియు పదునుతోనే పనిచేయును. వీనిలో గీతపనివారి కత్తి సంగతి మొదట చెప్పవలెను.

తాటిచెట్టున కల్లు వచ్చునది పూగెల కొసనున్న మిక్కిలి సన్నని నాళముల నుండి. గీతకాడు చెట్టెక్కిన ప్రతిసారియు ఆ కొసను పలుచని పొరగా చెక్కును. పదునైన కత్తి నాళములను శుభ్రముగా తెరచును. మొద్దు కత్తి వానిని నలిపి మూయును. నలిగినచోట ధార తగ్గును. మరల ధార రావలెనన్న మరికొంత లోతుగా చెక్కవలసి వచ్చును. అట్లు పది దినములు చెక్కవలసిన గెల నాలుగు దినములకే అయిపోవును. ఈతచెట్టు విషయము మరింత సున్నితము. అచ్చట చెక్కునది గెలను కాదు, మొవ్వు దిగువనున్న కాండమునే. గాటు లోతైనచో చెట్టు బలము క్షీణించును, తుదకు చచ్చుటయు కలదు. ఇంతేకాదు. మోకును నమ్ముకొని, నలువది అడుగుల ఎత్తున నిలిచినవాడు కత్తిని బలముగా లాగవలసి వచ్చినపుడు శరీరము అదరును, కాలు పట్టు తప్పును. గీతపనివారి రక్షణకై 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య పేరిట రక్షణ సామగ్రిని పంచ నారంభించినది. అది మెచ్చదగిన పని. అయితే కత్తి పదునుగా నుండుట కూడ రక్షణయే యని మరువరాదు. మొద్దు కత్తి బలము నడుగును. బలము ప్రయోగించినచోట చేయి జారును.

కొడవలి సంగతియు నిట్టిదే. మొద్దు కొడవలి పైరును కోయదు, పీకును. కంకి అదరి గింజ రాలును, కోయువారి మణికట్టు నొచ్చును.

ఇక పదును అననేమి? అలుగు యొక్క రెండు ముఖములును ఒక గీత వద్ద కలియుటయే పదును. ఆ గీత ఎంత సన్ననైనచో కత్తి అంత తెగును. కత్తి వాడినకొలది ఆ గీత గుండ్రబడును. నూరుటయనగా రెండు ముఖములను మరల ఒకే కోణముతో అరగదీసి గీత వద్ద కలుపుట. నూరువారు సాధారణముగా పొరబడునది ఈ కోణము వద్దనే. ఒక పోటు ఏటవాలుగను, మరియొక పోటు నిలువుగను పడినచో ముఖము గుండ్రబడునే కాని గీత ఏర్పడదు. గంటసేపు నూరినను కత్తి తెగకపోవుటకు కారణమిదియే.

కోణమును కొలుచుటకు యంత్రము లక్కరలేదు. అలుగు వెడల్పును చూడుడు. ఆ వెడల్పులో నాలుగవ వంతు ఎత్తునకు కత్తి వీపును రాతిపై నుండి లేపినచో కోణము ఇంచుమించు 15 డిగ్రీలగును. మూడవ వంతు లేపినచో 20 డిగ్రీలకు దగ్గరగును. కూరగాయలు కోయు కత్తికి ఒక్కొక్క ప్రక్క 15 మొదలు 20 డిగ్రీల వరకు చాలును. కట్టెలు కొట్టు గొడ్డలికి అంతకన్న మందమైన కోణము కావలెను. లేనిచో మొదటి దెబ్బకే అంచు చిట్లును. చేయి నిలుకడగా నున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. అంచు ప్రక్కనున్న వాలునకు సిరా గాని దీపపు మసి గాని పూసి, రెండు మూడు పోట్లు నూరి చూడుడు. నలుపు అంతటను సమముగా పోయినచో కోణము సరియైనది. వీపు వైపున మాత్రమే పోయినచో కత్తిని మరికొంత లేపవలెను. అంచు వద్ద మాత్రమే పోయినచో దింపవలెను.

మంగలికత్తి చేసిన పూర్వుల తెలివి ఇచ్చట మెచ్చదగినది. ఆ కత్తి వీపును తగినంత మందముగా చేసి, వీపును అంచును రెండును ఒకేసారి రాతిపై ఆనించి నూరుదురు. కోణమును వీపే నిలుపును, చేతి నేర్పు కొరకు వేచియుండదు. కొలత పనిముట్టులోనే ఇమిడి యున్నదన్న మాట.

రాతిని గూర్చి రెండు మాటలు. పాలమూరు నేల క్రింద ఎచ్చట చూచినను నల్లసేనపు రాయి, దానివంటి గట్టి శిలలు. ఇంటి ముందరి బండపై కత్తి గీయుట మనవారి అలవాటు. కాని ఆ రాతిలో గట్టి రేణువులు, మెత్తని రేణువులు, పెద్దవి చిన్నవి కలసి యుండును. అట్టి బండపై అంచు కొంత చురుకైనట్లు తోచినను గాట్లు పడును. రేణువులన్నియు ఒకే తీరుగా నుండు సన్నని ఇసుకరాయి మేలు. గీతపనివారు కొయ్యపలకపై మెత్తని రాతిపొడి చల్లి నూరుకొను పద్ధతి శాస్త్రసమ్మతమైనదే. పలుగురాయి గట్టిదనమున ఏడవ మెట్టు. గట్టి ఉక్కును అది అరగదీయగలదు. దానికన్న గట్టిది తొమ్మిదవ మెట్టున నున్న కురువిందము. పాశ్చాత్యులు ఆ రాతిని పిలుచు పేరు మన దక్షిణదేశపు మాట నుండియే పుట్టినది. కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రముగా పోసి, సాన పట్టుట మన దేశమున చిరకాలముగా నున్న వృత్తి. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కొలిమిలో కార్బొరండమును తయారు చేసిన పిదప కృత్రిమమైన సానరాళ్ళు లోకమంతట వ్యాపించెను. 1954లో మద్రాసున స్థాపింపబడిన కార్బొరండం యూనివర్సల్ కంపెనీ వానిని మన దేశముననే చేయ నారంభించెను. నేడు ఏ అంగడిలోనైనను ఒక ప్రక్క గరుకుగను, ఒక ప్రక్క నున్నగను ఉండు రాయి దొరకును.

నూరు క్రమము ఇది. రాతిని తడిపి, కదలకుండ తడిగుడ్డపై నుంచవలెను. మొదట గరుకు ప్రక్కన ఒక ముఖమును మాత్రమే, మడమ నుండి కొస వరకు, నూరవలెను. కొంతసేపటికి రెండవ వైపున అంచు పొడుగునను సన్నని లోహపు పొర లేచును. వ్రేలితో అంచునకు అడ్డముగా, లోపలి నుండి వెలికి, మెల్లగా తడిమినచో గరగరలాడును. ఆ పొర లేచినదనగా ముఖము అంచు దాక అరిగినదని సాక్ష్యము. అప్పుడు రెండవ ముఖమునకు మారవలెను. పిమ్మట నున్నని ప్రక్కన, బలము తగ్గించుచు, ముఖములను మార్చి మార్చి నూరినచో ఆ పొర సన్నగిలును. కడపట తోలు పట్టాపై, అంచు వెనుకకు వచ్చునట్లు లాగినచో మిగిలినది రాలిపోవును. తోలు పట్టాపై అంచును ముందునకు త్రోయరాదు. తోలు తెగును, అంచు మొద్దుబారును. పని ముగిసినదో లేదో వెలుగులో చూడవచ్చును. మొద్దు అంచు వెలుగును తిప్పికొట్టి తెల్లని గీతగా కనబడును. పదునైన అంచు కంటికి కనబడదు.

కక్కు కొడవలికి మాత్రము ఈ క్రమము చెల్లదు. కక్కులున్న వైపున నూరినచో పండ్లు అరిగి కొడవలి చెడును. నున్నని వైపుననే తేలికగా రాచి, పండ్లు అరిగిపోయినపుడు కమ్మరి చేత మరల కక్కులు పెట్టింపవలెను. కత్తిపీట అలుగు కదలదు గనుక కత్తిని కాక రాతినే కదుపవలెను. రాళ్ళు కొట్టువారి ఉలికి సానతో పని తక్కువ. దానిని కొలిమిలో సాగగొట్టి, మరల పదును పట్టించుటయే పద్ధతి.

విద్యుచ్ఛక్తితో తిరుగు సాన వచ్చిన పిదప ఒక క్రొత్త ప్రమాదము కలిగినది. అది వేడి. నీరు లేక ఒత్తి పట్టినచో పలుచని అంచు క్షణములో వేడెక్కును. ఉక్కు 230 డిగ్రీల వద్ద గడ్డిరంగునకు, 300 డిగ్రీల వద్ద నీలిరంగునకు తిరుగును. నీలిరంగు కనబడినచోట కమ్మరి పెట్టిన పదును పోయినట్లే. అట్టి కత్తి ఆ దినము తెగును, మరునాటికి మొద్దుబారును. తప్పు ఉక్కుదని జనులనుకొందురు. కనుక తేలికగా తాకించి తీసి, మాటిమాటికి నీట ముంచవలెను. కంటికి అద్దములు లేక తిరుగు సాన ముందు కూర్చుండరాదు.

ఈ విద్యకు ఎల్లలు లేవు. చలిదేశములలోను, మన సిమ్లా, లడఖ్ వంటి చోట్లను, మంచుపై హాకీ ఆడువారు పాదరక్షల క్రింద ఉక్కు అలుగులు కట్టుకొందురు. ఆ అలుగు మందము 3 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడుగునను ఒక సన్నని గాడి తీయుదురు. గాడికి ఇరువైపుల రెండంచులు ఏర్పడును. గుండ్రముగా చెక్కిన చక్రము అంచుతో ఆ గాడిని తీయుదురు. ఆ గుండ్రమునకు వ్యాసార్ధము సాధారణముగా అర అంగుళము. గాడి లోతైనచో పట్టు హెచ్చును, వేగము తగ్గును. లోతు తగ్గినచో జారుట సులభమగును, మలుపున పట్టు తప్పును. రెండంచులును సమమైన ఎత్తున నున్నవో లేవో తెలియుటకు వానిపై అడ్డముగా ఒక తిన్నని పట్టీ నుంచి, అలుగుతో లంబముగా నున్నదేమో మూలమట్టముతో చూతురు. ఒక అంచు వెండ్రుక వాసి దిగినను ఆటగాడు ఒక ప్రక్కకు పడును. తాటిచెట్టుపై నున్నవానికిని, మంచుపై నున్నవానికిని నూరువాని చేతి నిలుకడయే కాపు.

మన పట్టణపు వీధులలో సైకిలుపై సానచక్రము బిగించుకొని తిరుగువారు నేటికిని కానవత్తురు. క్రొత్త కత్తి చవుకగా దొరకుటచే వారిని పిలుచువారు తగ్గిరి. కాని మంచి కమ్మరి చేసిన ఉక్కు కత్తి సక్రమముగా నూరినచో ఏండ్ల తరబడి పనిచేయును. దానిని పారవేసి నెలకొక రేకు కత్తి కొనుట పొదుపు కాదు. సానవాడు వచ్చినపుడు నీరు వాడుమని చెప్పుడు, కోణమును గమనింపుడు, పని మంచిదైనచో కూలికి వెనుదీయకుడు. ఇంట నున్న కత్తిని పని ముగియగనే తుడిచి, బిడ్డల కందని చోట నుంచి, పదును కొంచెము తగ్గినపుడే నున్నని రాతిపై నాలుగు పోట్లు వేయుడు. పూర్తిగా మొద్దుబారిన పిదప గంట నూరుటకన్న, ముందుగా చేయు నిమిషపు పని మేలు.