పక్కన ఇంకేం ఉన్నాయి?

ఎవరి పేరిట ఇవాళ కూడామో, ఆ మాస్టారికి ఒక అలవాటుండేది. పిల్లలెవరైనా పాత నాణెం తెస్తే అది ఏ రాజుదో వెంటనే చెప్పేవారు కాదు. “ఎక్కడ దొరికిందిరా? పక్కన ఇంకేం ఉన్నాయి?” అనేవారు. రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబుండేది కాదు. ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే ఇంగ్లండు దాకా తీసుకెళ్తాను.

2015లో అక్కడ రెండు చోట్ల లంకెబిందెల్లాంటివి బయటపడ్డాయి. జూన్‌లో లెమ్‌స్టర్ దగ్గర, అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్‌టన్ దగ్గర. రెండూ 870ల చివర్లో, వైకింగుల దండు ఊళ్లమీద పడుతున్న రోజుల్లో పాతిపెట్టినవే. రెంటిలోనూ వెస్సెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ వేయించిన వెండి పెన్నీలున్నాయి. ఇంచుమించు మన రూపాయి బిళ్లంత. కాకపోతే గోరంత పలచన.

వాటిలో కొన్నిటిని తిప్పి చూడండి. ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చుని ఉంటారు, వెనక నుంచి రెక్కల దేవత తొంగిచూస్తుంది. పాత రోమన్ బంగారు నాణెం మీది బొమ్మ అది. దాన్నే ఇద్దరు రాజులూ ఎవరి పేరున వారు వేయించారు. 2015కి ముందు తెలిసినవి రెండే, ఒక్కో రాజుది ఒక్కటి. ఆల్ఫ్రెడ్ కొలువులో తయారైన వృత్తాంతం చెయోల్‌వుల్ఫ్‌ను బుద్ధిలేని సేవకుడిగా, వైకింగుల కీలుబొమ్మగా చూపిస్తుంది. నాణేలు చూస్తే వాళ్లది సాటి రాజుల పొత్తు. గెలిచినవాడి ఆస్థానం రాసుకున్న చరిత్రను ఎంతవరకు నమ్మాలో, శాసనాల్లోని బిరుదులు చదివిన మనకు కొత్తగా చెప్పాలా!

వాట్లింగ్‌టన్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్లిన ఆయన అధికారులకు కబురు చేశాడు. వాళ్లు వచ్చి నాణేలను ఒక్కొక్కటిగా పీకలేదు. మట్టిగడ్డను గడ్డగానే ఎత్తి బ్రిటిష్ మ్యూజియానికి చేర్చారు. అక్కడ తీరిగ్గా విప్పితే 186 నాణేలు, వాటితోపాటు కడియాలు, వెండి కడ్డీలు. ఇద్దరు చక్రవర్తుల బొమ్మవే పదమూడు. 2017లో ఆష్మోలియన్ మ్యూజియం 13.5 లక్షల పౌండ్లకు కొన్నది. అక్కడి 1996 చట్టం ప్రకారం దొరికిన సంగతి చెప్పి తీరాలి. చెప్పినవాడికీ, పొలం యజమానికీ బహుమానం ముడుతుంది. మన 1878 చట్టం కూడా పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపమంటుంది. పది రూపాయలు! అంకె మారకపోయినా ఉద్దేశం మంచిదే.

లెమ్‌స్టర్‌లో దొరికించుకున్న ఇద్దరు నోరు మెదపలేదు, నాణేలు అమ్మేశారు. 2019లో జైలుకెళ్లారు. సుమారు మూడు వందలు ఉంటాయనుకుంటే, అప్పటికి చేతికొచ్చినవి ముప్పై చిల్లర. మిగతా కుప్ప ఎంత పెద్దదో తెలిసింది, వాళ్లు తమ ఫోన్లలోంచి చెరిపేస్తే పోలీసులు తిరిగి రాబట్టిన ఫొటోల వల్ల. మాస్టారి రెండో ప్రశ్నకు అక్కడ మిగిలిన జవాబు ఆ ఫొటోలే.