పాత డిస్కు స్థానంలో ఏ డిస్కు?
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యాలయపు కంప్యూటరులోని హార్డ్ డిస్కు కొన్నాళ్ళుగా టకటకమని చప్పుడు చేస్తున్నది. గత నెలలో దివంగత సభ్యుని భార్య ఫామిలీ పెన్షను నిమిత్తం వచ్చినపుడు, ఆయన పి.పి.ఓ. నకలు దొరికింది ఆ డిస్కులోనే. ఇంట్లో ఉన్న కాగితం చెదలపాలైందట. అందుచేత కొత్త డిస్కు సంగతి చూడమని కార్యవర్గం నాకు అప్పగించగానే ముందు నకలు తీయించాను. చప్పుడు చేసే డిస్కును వేసినకొద్దీ ప్రమాదమే.

హార్డ్ డిస్కులో పళ్ళెములు నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతుంటాయి. ఐ.బి.ఎం. వారు 1956లో తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళెములు 50 ఉండేవి. పట్టేది సుమారు 5 మెగాబైట్లు! మనుమడు సెల్‌ఫోనులో తీసే ఒక ఫోటోకు చాలునేమో. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు, చప్పుడు లేదు, ఫైలు వెంటనే తెరుచుకుంటుంది. ఇంకా వేగమైన ఎన్.వి.ఎం.ఇ. రకం ఉన్నది గాని, దాన్ని పెట్టే స్థానం మన పాత కంప్యూటరులో లేదు. కనుక 2.5 అంగుళాల సాటా ఎస్.ఎస్.డి., 500 జి.బి.ది, మనకు సరిపోతుంది.

ఒక మాట. 1 టి.బి. డిస్కు కొని, తెరపై 931 జి.బి. చూసి దుకాణదారునిపై మండిపడేవారున్నారు. మోసం లేదు. తయారీదారు వేయితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. డి.ఏ. బకాయిల లెక్కలు చూసిన మనకిది వింత కాదు!

అయితే ఎస్.ఎస్.డి. ఒక్కటే చాలదని నా అభిప్రాయం. అది ఒక్కొక్కప్పుడు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండానే ఆగిపోతుంది, పోయినది రాబట్టడం కష్టం. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచినా అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. అందుకని బయట తగిలించే హార్డ్ డిస్కు ఒకటి కొని, నెలకొకసారి నకలు తీసి, కోశాధికారిగారి ఇంట భద్రపరచాలి.

పాత డిస్కును ఎక్స్‌ఛేంజికి ఇవ్వవద్దు. డిలీట్ చేయడమంటే రిజిస్టరులో విషయసూచిక పేజీ చింపడమే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. మన ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు అందులో ఉన్నాయి. ఆఫీసుల్లో పాత రికార్డు నాశనం చేసిన పద్ధతిలో, ఇద్దరు సాక్షుల ఎదుట పళ్ళెములు పగులగొట్టించాలి.

మూడు కొటేషన్లు కార్యదర్శిగారి వద్ద ఉన్నవి. సభవారు ఈరోజు ఆమోదిస్తే సోమవారమే కొనవచ్చును.