తలుపు వేసుకుని తినే గది

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకే ప్రశ్న పంపారు. "అమ్మానాన్నలు విజిట్ మీద దుబాయ్ వస్తున్నారు. పెద్ద రెస్టారెంట్లలో ప్రైవేట్ డైనింగ్ రూమ్ ఉంటుంది కదా, తీసుకోవచ్చా, లేక డబ్బు దండగా?" అని. నేను ఒకసారి తీసుకున్నాను. ఆ సంగతి చెప్తాను. రెస్టారెంట్ పేరు మాత్రం అడగకండి.

ముందు లెక్క చూద్దాం. ఈ గదికి చాలాచోట్ల విడిగా అద్దె ఉండదు. "మినిమమ్ స్పెండ్" ఉంటుంది. అంటే ఆ పూట మీ బిల్లు ఇంతకు తగ్గకూడదు. తక్కువ తిన్నా ఆ మొత్తం కట్టాల్సిందే. వారం మధ్యలో మధ్యాహ్నం ఒక రేటు, శుక్రవారం, శనివారం రాత్రి ఇంకో రేటు. మెనూ ముందే ఖాయం చేసుకోమంటారు, అడ్వాన్స్ కట్టమంటారు. ఆఖరు నిమిషంలో మానుకుంటే అడ్వాన్స్ పోయినట్టే.

ఇంతకీ ఇలాంటి గదులు ఎక్కడుంటాయి? దుబాయ్‌లో అయితే డీఐఎఫ్‌సీ అనే ఫైనాన్స్ సెంటర్ వైపు ఎక్కువ. అది 2004లో మొదలైంది. అక్కడి గేట్ విలేజ్‌లో ఆర్ట్ గ్యాలరీలూ ఖరీదైన రెస్టారెంట్లూ పక్కపక్కనే ఉంటాయి. జుమా 2008లో వచ్చింది, లా పెటీట్ మైసాఁ 2010లో. రెండోదాని మూలం ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరం. గోడల నిండా బొమ్మలు పెట్టే అలవాటు ఆ తీరంలోనూ ఉంది. అక్కడికి దగ్గర్లోని సాఁ పాల్ ద వాఁస్ ఊళ్లో లా కొలోంబ్ డోర్ అనే పాత హోటల్ ఉంది. పికాసో, మతీస్ లాంటివాళ్ల బొమ్మల మధ్య కూర్చుని భోంచేయొచ్చు. డబ్బుల్లేని చిత్రకారులు తిన్నదానికి బదులు బొమ్మలిచ్చేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు మనం ఆ బొమ్మల పక్కన కూర్చోడానికి డబ్బులిస్తున్నాం. అంతే తేడా.

సరే, మా కథకొస్తాను. అమ్మాబాపుల పెళ్లయి నలభై ఏళ్లయింది. బాపుది జగిత్యాల దగ్గర పల్లె. 1990లలో పదకొండేళ్లు దుబాయ్‌లో పనిచేసి వెళ్లాడు. ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఏముంటది, పనిజేసిన, అచ్చిన" అనేవాడు. మేం చూసినవి ఆయన తెచ్చిన టేప్‌రికార్డరూ, దుప్పట్లూ, సెంటు సీసాలూ.

మేం పది మందిమి. మినిమమ్ స్పెండ్ ఆరు వేల దిర్హమ్‌లు. బాపుకు చెప్పొద్దనే అనుకున్నాం. కూర్చోగానే ఆయన అడగనే అడిగాడు.

"దీనికి కిరాయి ఎంతరా?"

"కిరాయి లేదు బాపూ, తిన్నదానికే."

తమ్ముడు నోరు జారాడు. ఆరు వేలు అనేశాడు. బాపు రూపాయల్లో లెక్కేస్తాడనుకున్నాం, వేయలేదు. "నా పది నెల్ల జీతం" అన్నాడు. నెలకు ఆరు వందలు వచ్చేదట. ఆ అంకె కూడా మాకు అప్పుడే తెలిసింది.

తర్వాత కాసేపు ఎవరికీ మాట రాలేదు. అమ్మ న్యాప్‌కిన్ మడత పెడుతూ కూర్చుంది. ఇంతలో బాపు లేచి గోడ మీదున్న పెద్ద పెయింటింగ్ దగ్గరికి వెళ్లాడు. దుబాయ్ క్రీక్ అది. ఒడ్డున వరసగా కట్టేసిన చెక్క పడవలు.

"ఇది దేరా దిక్కు. గీడ్నే మేం మాల్ దించేటోళ్లం" అన్నాడు.

నీళ్లు పోస్తున్న అబ్బాయి నవ్వాడు. వాడిది నిర్మల్ దగ్గరట. బాపుకు ప్రాణం లేచొచ్చింది.

"యాడుంటున్నవ్ బిడ్డా?"

"సత్వాల కాకా. బెడ్ స్పేస్."

"పరదా కట్టుకున్నవా?"

"కట్టుకున్న కాకా."

ఇండియాలో వింటున్నవాళ్లకు చెప్తాను. బెడ్ స్పేస్ అంటే గది కాదు, గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకోవడం. మంచాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. చుట్టూ దుప్పటో చీరో కట్టుకుంటే ఆ మంచమంత మేర మనది. అబ్బాయి ప్లేట్లు సర్ది, తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయాడు. అప్పుడు బాపు చెప్పాడు. వాళ్ల గదిలో పన్నెండు మంది ఉండేవారట. మా నాయనమ్మ పోయిన కబురు అందేసరికే దహనం అయిపోయింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, టికెట్‌కు పైసల్లేవు. "రెండు రాత్రులు పరదెనక ఏడ్సిన. పొద్దుగాల డ్యూటీకి పోయిన. పక్క మంచపోనికి గూడ ఎర్కలేదు" అన్నాడు. అమ్మ కూడా ఆ మాట వినడం అదే మొదలు.

మా కరామా ఫ్లాట్‌లో పిల్లలు, టీవీ, వచ్చేపోయేవాళ్లు. అక్కడ ఆ మాట వచ్చేది కాదనే అనుకుంటున్నాను. ఆ పెయింటింగ్ లేకపోయినా వచ్చేది కాదేమో. అందుకే "దండగా?" అని అడిగినవాళ్లకు, కాదు అనే చెప్తాను.

అలాగని అంతా బాగుందని కాదు. బిల్లు ఐదు వేల నూటికే ఆగింది. అమ్మకు శనివారం, మాంసం ముట్టదు. బాపు తిన్నది కొంచెమే. మిగతా తొమ్మిది వందలకు పార్సిల్ కట్టివ్వమంటే, రూల్ లేదన్నారు. కట్టేశాం. కారెక్కాక బాపు అన్నాడు, "తినని తిండికి నెలన్నర జీతం ఇచ్చిన్రు గదరా." దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కాబట్టి మీరు బుక్ చేసేముందు నాలుగు విషయాలు అడగండి. ఒకటి, బిల్లు తక్కువైతే పార్సిల్ ఇస్తారా? రెండు, మినిమమ్ స్పెండ్‌లో పన్నులు కలిసున్నాయా, పైన వేస్తారా? వ్యాట్ 2018 నుంచి 5 శాతం ఉంది. దుబాయ్ హోటళ్లలో అయితే 10 శాతం సర్వీస్ చార్జీ, 7 శాతం మున్సిపాలిటీ ఫీజు కూడా ఉంటాయి. మూడు, శాకాహారులకు సలాడ్ కాకుండా సరైన భోజనం ఉందా? నాలుగు, గదికి నిజంగా తలుపు ఉందా? కొన్నిచోట్ల అద్దం గోడ, తెర మాత్రమే ఉంటాయి. బిజినెస్ మీటింగ్‌కు అది సరిపోతుందేమో, ఇంటివాళ్ల మాటలకు సరిపోదు.

వంటే ముఖ్యం అనుకుంటే గది జోలికి పోకండి. ట్రెసిండ్ స్టూడియోకు 2025లో మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి, ప్రపంచంలో ఏ భారతీయ రెస్టారెంటుకూ అంతకుముందు రాలేదు. అసలు అదే చిన్నది, కొద్దిమందే పడతారు. పూర్తి శాకాహారం కావాలంటే అవతారా ఉంది. బొమ్మల మధ్య తక్కువ ఖర్చులో కూర్చోవాలంటే అల్ ఫహీదీ పాత వీధుల్లో ఎక్స్‌వీఏ కేఫ్‌కు వెళ్లండి. గ్యాలరీ, ముంగిలి, శాకాహార భోజనం అన్నీ ఒకేచోట.

ఇంకో మాట. ఈ దేశంలో అతిథులను కూర్చోబెట్టే గదిని మజ్లిస్ అంటారు. యునెస్కో 2015లో దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ గది తలుపు వచ్చేవాళ్ల కోసం తెరిచి ఉంటుంది. మనం డబ్బు పెట్టి తీసుకునేది తలుపు మూసుకునే గది. అవసరం రెంటికీ ఉంది. కానీ తలుపు మూశాక ఫోన్లు తీసి రీల్స్ చేసుకుంటూ కూర్చుంటే మాత్రం అది దండగే. మీ నాన్నగారో, మామయ్యగారో ఒకప్పుడు గల్ఫ్‌లో పనిచేసి ఉంటే, "అప్పుడు ఎక్కడ పడుకునేవారు?" అని అడగండి. దానికి ప్రైవేట్ రూమ్ కూడా అక్కర్లేదేమో. వినేవాళ్లు తీరిగ్గా కూర్చుంటే చాలు.

ఈ వారానికి ఇంతే. మీవాళ్లు ఏం చెప్పారో వాయిస్ నోట్ పంపండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.