రాలిన రేగుపండ్లు – రేగు వడియములు



సంక్రాంతి దాటి మాఘమాసము వచ్చునప్పటికి గట్టుమీది రేగుచెట్టు క్రింద నేల కనబడదు. భోగినాడు పిల్లల తలలపై పోయుటకై ఇల్లిల్లు తిరిగి వెదకిన పండ్లే, పండుగ గడచిన పది దినములకు కాలిక్రింద నలిగి, ఈగలు ముసరి కుళ్లుచుండును. బజారునకు తీసికొని పోయినచో బండి కిరాయి కూడ రాదని పెక్కురు రైతులు వానిని అట్లే విడిచిపెట్టుదురు. ఇందువలన నష్టము ఒకటి కాదు, రెండు. తినదగిన పదార్థము మట్టిపాలగుట మొదటిది. మరుసటి యేటి పంటకు పురుగును చేతులార పెంచుట రెండవది, ఇదియే పెద్దది.

రేగుపండులోని తెల్లని పురుగును ఎరుగని రైతు లేడు. అది పండులో తనంతట పుట్టినది కాదు. పిందె కాయగా ఎదుగునపుడు ఒక చిన్న యీగ తోలును పొడిచి లోపల గ్రుడ్డు పెట్టును. పురుగు గింజచుట్టునున్న గుజ్జును తిని బలిసి, పండును వీడి, చెట్టుక్రింది మట్టిలో దూరి కదలక పడియుండును. కాలము వచ్చినపుడు ఈగయై లేచి మరల ఆ చెట్టునే పట్టును. కావున రాలిన పండ్లను రెండు దినముల కొకసారి తప్పక ఏరివేయవలెను. పురుగు పట్టినవానిని పెంటకుప్పపై వేయుట చాలమంది అలవాటు. అది పురుగును చేని యొక మూలనుండి మరియొక మూలకు సాగనంపుటయే. 2 అడుగుల లోతు గుంట త్రవ్వి పూడ్చవలెను, లేదా కాల్చివేయవలెను.

మంచి పండ్లతో రేగు వడియములు పెట్టవచ్చును. ఇది క్రొత్త విద్య కాదు. తెలుగునాట అవ్వలందరు ఎరిగినదే. తమిళదేశమున దీనినే ఎలందవడ యందురు. పులుపుగల నాటు రేగు ఇందుకు శ్రేష్ఠము. గంగరేగుతోను చేయవచ్చును. ఇటీవల వ్యాపించిన ఆపిల్ రేగు పెద్దదే కాని, పులుపు తక్కువగుటచే వడియమునకు రుచి చాలదు.

పండ్లను రెండు మూడు నీళ్లలో కడిగి, ఒక్కొక్కదానిని బొటనవ్రేలితో చీల్చి లోపల చూడవలెను. విసుగు పుట్టించు పనియే, అయినను దీనిని మానరాదు. చిలుక కొరికిన పండు తీయన యని పిల్లలు తినుట కద్దు. పక్షులును గబ్బిలములును ఎంగిలిచేసిన పండ్ల వలన రోగములు రావచ్చును గనుక వానిని ఏరి పారవేయవలెను. మిగిలినవానిని రోటిలో వేసి, కర్రరోకలితో గింజ పగులకుండ మెల్లగా దంచవలెను. గింజ పగిలినచో పలుకులు పంటికి తగులును. పిల్లలకు పెట్టునట్లయిన గింజలు తీసివేయుటయే మేలు. 4 పాళ్ల గుజ్జునకు 1 పాలు బెల్లము, తగినంత ఉప్పు, పచ్చిమిరపకాయలు, జీలకర్ర చేర్చి మరల దంచవలెను. పులుపు పదార్థము గనుక కళాయిలేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదు.

ముద్దను చిన్న బిళ్లలుగా తట్టి, శుభ్రమైన బట్టమీద ఎండలో పెట్టి, ఈగలు వాలకుండ పలుచని గుడ్డ కప్పవలెను. బిళ్ల మందము అరవ్రేలికి మించరాదు. మందమైనది పైకి ఎండినట్లు కనబడి, లోపల తడి నిలిచి బూజు పట్టును. చెడిపోవు వడియములలో ఎక్కువ భాగము ఇట్లు చెడునవే. రెండవనాడు తిరుగవేయవలెను. రాత్రి మంచున విడువక ఇంటిలోనికి తేవలెను. ఎండ బాగుగా నున్న నాలుగైదు దినములు చాలును. ఒకదానిని విరిచి చూచినపుడు నడుమ వ్రేలికి అంటనిచో ఎండినట్లు. వేడి చల్లారిన పిమ్మటనే జాడీలో నింపవలెను. వేడిమీద మూసినచో చెమ్మ పట్టును. వానకాలమునకు ముందు ఒక దినము మరల ఎండబెట్టుట మంచిది.

తాజా రేగుపండునందు సీ విటమిను నారింజకంటెను అధికము. ఎండలో దానిలో చాలభాగము నశించును. కావున చెట్టున పండ్లున్నంత కాలము పిల్లలకు పండునే పెట్టవలెను. చెట్టు వట్టిపోయిన దినములకు వడియము.

పండ్లేరుటకు కూలి యిచ్చుట గిట్టదను రైతు, ఏరిన స్త్రీలకు మంచి పండ్లలో సగపాలు ఇచ్చినచో చెట్టుక్రింద ఒక్క పండు మిగులదు. పురుగు పండ్లను గుంటలో వేసిరా లేదా యని మాత్రము భూస్వామి స్వయముగా చూచుకొనవలెను.

ఎండకాలమున ఆకు రాలిన తరువాత చెట్టు పాదును జానెడు లోతు త్రవ్వి మట్టిని తిరుగవేసినచో, దాగియున్న పురుగు ఎండకు మాడును, పిట్టలకును ఆహారమగును. కొమ్మలు కొట్టుటకును అదే అదను. రేగు క్రొత్త చిగుళ్లయందే కాయును. కొట్టిన కంప చేని కంచెకు పనికివచ్చును.